పాట కోసమే వెళ్తున్నా అని రాయండి

మీ రెజ్యూమెలో చివర్న 'హాబీస్' అని ఒక వరస ఉంటుంది కదా, అక్కడ ఏం రాశారు? ఫైనల్ ఇయర్‌లో నేను 'రీడింగ్ న్యూస్‌పేపర్స్, ప్లేయింగ్ క్రికెట్' అని రాశాను. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ఆయన ఒక్కటే అడిగారు, "ఇవాళ ఎడిటోరియల్ దేని మీద?" అని. నేను ఆ వారంలో అసలు పేపర్ ముట్టుకుంటే కదా! ఆ కంపెనీలో సెలెక్ట్ కాలేదు. నిజానికి అప్పట్లో నాకున్న పిచ్చి హెవీ మెటల్. హాస్టల్ రూమ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి రెండింటి దాకా వినేవాణ్ని. అది రెజ్యూమెలో పెడితే 'వీడేదో తేడాగాడు' అనుకుంటారని ఒక సీనియర్ తీసేయమన్నాడు. తీసేశాను.

ఆ తీసేసిన ఇష్టం కోసమే అయిదేళ్ల తర్వాత జర్మనీ వెళ్లొచ్చాను. ఎంఎస్‌కి కాదు, ఆన్‌సైట్‌కి కాదు. నాలుగు రోజులు పాటలు వినడానికి. ఇది చెప్తే ఇప్పటికీ ముందు నవ్వుతారు, తర్వాత "ఎంతయింది?" అంటారు. ఎంతయిందో చెప్తాను. దానికంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మొదటిసారి నాకు వీసా రాలేదు. ఎందుకు రాలేదో మీకు తెలియడం ముఖ్యం, ఎందుకంటే మీలో కొందరు ఇప్పుడు ఉద్యోగాల కోసం సరిగ్గా అదే తప్పు చేసే ఆలోచనలో ఉన్నారు.

వాకెన్ ఉత్తర జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో ఒక పల్లెటూరు. జనాభా రెండు వేలు. చుట్టూ పొలాలు, ఆవులు. 1990లో ఆ ఊరి కుర్రాళ్లు థామస్ యెన్సెన్, హోల్గర్ హ్యూబ్నర్ ఆరు బ్యాండ్లను పిలిచి ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టారు. ఎనిమిది వందల మంది వచ్చారట. ఇప్పుడు అదే 'వాకెన్ ఓపెన్ ఎయిర్'. ఏటా జులై చివర్లో, ఆగస్టు మొదట్లో ఎనభై వేల మందికి పైగా వస్తారు. కొన్నేళ్లు టికెట్లు అమ్మకానికి పెట్టిన గంటల్లోనే అయిపోయాయి.

నాకు ఆ ఊరి పేరు తెలిసింది 2019లో. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జాయినింగ్ డేట్ రాలేదు. మీకు ఆ రోజులు తెలుసు, ఇంట్లో ఎవరి ముఖం చూడాలన్నా భయమే. అప్పుడు యూట్యూబ్‌లో ఢిల్లీ బ్యాండ్ 'బ్లడీవుడ్' వాకెన్ స్టేజీ మీద వాయిస్తున్న వీడియో చూశాను. డోలు, గిటారు కలిపి కొడుతుంటే ముందున్న జనమంతా ఎగురుతున్నారు. ఆ బ్యాండ్ పెట్టిన కరణ్ కటియార్ అంతకు ముందు కార్పొరేట్ లాయర్. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఉద్యోగం వచ్చాక ఒక్కసారి అక్కడికి వెళ్లాలని అప్పుడే అనుకున్నాను.

2023కి చేతిలో కొంచెం డబ్బు చేరింది. హ్యాంబర్గ్‌లో ఎంఎస్ చదువుతున్న ఫ్రెండ్ నా టికెట్ కూడా కొన్నాడు. ఇక వీసా. హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్లాను. "మ్యూజిక్ ఫెస్టివల్ అని రాయకు బ్రదర్, కుర్రాళ్లు, తాగుడు అనుకుంటారు. టూరిజం అని పెడదాం" అన్నాడు. జర్మనీకి అపాయింట్‌మెంట్లు ఆలస్యం, ఇంకో దేశానికి త్వరగా దొరుకుతాయి, షెంగెన్ వీసా ఏదైనా ఒకటే అన్నాడు. ఆ దేశంలో వారం రోజులకి హోటల్ బుకింగ్ కాగితాలు తనే తయారు చేశాడు, వీసా వచ్చాక క్యాన్సిల్ చేసే పద్ధతి. "అకౌంట్‌లో ఒక మూడు లక్షలు పడేలా చూసుకో" అన్నాడు.

నా దగ్గర లక్షన్నర ఉంది. మిగతాది నాన్న మా మామయ్యను అడిగాడు. నాన్నది ఖమ్మం దగ్గర ఎరువుల కొట్టు, అప్పు ఇవ్వడమే గానీ అడగడం అలవాటు లేని మనిషి. "పిల్లవాడి వీసా కోసం, వారం రోజుల్లో తిరిగిచ్చేస్తాం" అని చెప్పి తెచ్చాడు. దేనికి వీసా అన్నది మామయ్యకు చెప్పలేదు. పైచదువు అనుకున్నారు వాళ్లు.

మూడు వారాలకు పాస్‌పోర్ట్ వెనక్కి వచ్చింది, లోపల ఒక కాగితం. అందులో కారణాలన్నీ ముందే అచ్చేసి ఉంటాయి, మీకు వర్తించే వాటికి టిక్ పెడతారు. నాకు రెండు టిక్కులు. ప్రయాణ ఉద్దేశం గురించి ఇచ్చిన సమాచారం నమ్మదగ్గదిగా లేదు. తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "లక్ లేదు బ్రదర్" అన్నాడు. లక్ కాదు. ఒకసారి ఆ ఆఫీసర్ కుర్చీలో కూర్చుని చూడండి. నెలంతా జీతం, స్విగ్గీ, రెంట్ తప్ప ఏమీ లేని అకౌంట్‌లో అప్లై చేయడానికి నాలుగు రోజుల ముందు లక్షన్నర వచ్చి పడింది. ఎవరిచ్చారో లేదు. ఎప్పుడూ దేశం దాటని కుర్రాడు ఒంటరిగా ఏడు రోజులు ఒకే నగరంలో ఏం చేస్తాడో లేదు. ఎందుకు వెళ్తున్నాడన్న దానికి కాగితాల్లో ఎక్కడా జవాబు లేదు. ఎందుకుంటుంది, అసలు జవాబు నేనే దాచేశాను కదా! నేనైనా టిక్ పెట్టేవాణ్ని.

డబ్బు తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు మామయ్య "రాలేదా? మరి ఏ యూనివర్సిటీకి పెట్టాడు?" అని అడిగితే నాన్న తలొంచుకుని "మళ్లీ ప్రయత్నిస్తాడులే" అన్నాడు. నా అబద్ధానికి నాన్న ఇంకో అబద్ధం కలపాల్సి వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద మాట్లాడలేదు. ఇప్పటికీ నాకు వీసా రాకపోవడం కంటే అదే ఎక్కువ గుర్తుంది.

(ఆ ఏడాది వాకెన్‌లో వానకి పొలాలన్నీ బురదై, మధ్యలో ప్రవేశమే ఆపేశారు. టికెట్లున్న వేల మంది దారిలోంచే వెనక్కి వెళ్లారు. నేను వెళ్లి ఉన్నా గేటు బయటే ఉండేవాణ్నేమో! అది తెలిసి కొంచెం సంతోషించిన మాట నిజం.)

ఇదంతా కెరియర్ పేజీలో ఎందుకంటే, అదే ఏడాది నా బ్యాచ్‌మేట్ ఒకడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. బెంచ్ మీద రెండేళ్లు ఖాళీగా ఉన్నవాడు, కన్సల్టెన్సీ మాట విని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొన్నాడు. ఇంటర్వ్యూ బాగానే చేశాడు, పని కూడా బాగానే చేశాడు. ఎనిమిదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూశారు, ఆ కంపెనీ పేరుతో ఒక్క నెల కూడా లేదు. మధ్యాహ్నం మూడింటికి ల్యాప్‌టాప్ తీసుకున్నారు. వాడికి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన మాట, నాకు ఏజెంట్ చెప్పిన మాట ఒక్కటే: "అందరూ ఇలాగే చేస్తారు."

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనకి అబద్ధం అలవాటయ్యేది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ దగ్గర కాదు. హాబీస్ వరస దగ్గరే. నీకు ఇష్టమైంది చెప్పుకోవడానికి పనికిరాదు, ఎదుటివాడికి నచ్చేది రాయి అని మనకు నేర్పారు. అక్కణ్నుంచి బ్యాంక్ బ్యాలెన్స్ దాకా రావడానికి ఎంతో దూరం లేదు.

రెండోసారి ఏజెంట్ లేడు. 2024 వాకెన్‌కి టికెట్ 2023 ఆగస్టులోనే ఫ్రెండ్ కొన్నాడు. మే నెలలో జర్మనీకే అప్లై చేశాను, ఎందుకంటే ఎక్కువ రోజులు ఉండేది ఏ దేశంలోనో ఆ దేశానికే అప్లై చేయాలన్నది షెంగెన్ నియమం. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మామూలుగా పదిహేను రోజులంటారు గానీ నలభై అయిదు రోజుల దాకా పట్టొచ్చు. కవర్ లెటర్ ఒక పేజీ రాశాను. హెవీ మెటల్ వింటాను, వాకెన్‌కి వెళ్తున్నాను, టికెట్ ఇదిగో, క్యాంపింగ్ అక్కడే, ముందు రెండు రాత్రులు హ్యాంబర్గ్‌లో ఈ హాస్టల్‌లో, ఫలానా తేదీన ఆఫీసులో ఉండాలి, లీవ్ లెటర్ ఇదిగో. ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ముప్పై వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. చివర్లో ఇంకో పేరా: గత ఏడాది వీసా నిరాకరించారు, అప్పుడు నేను అసలు ప్రయాణం గురించి చెప్పలేదు, అది నా తప్పు. ఆ పేరా రాయొద్దని ముగ్గురు చెప్పారు. కానీ షెంగెన్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా వీసా సమాచార వ్యవస్థ ఉంది, నిరాకరణ అందులో అయిదేళ్ల దాకా కనబడుతుంది. వాళ్లకు తెలిసిన విషయం నేను దాచి ఏం లాభం?

అకౌంట్‌లో ఉన్నది రెండు లక్షల పది వేలు, అంతా జీతంలోంచే. పన్నెండో రోజు వీసా వచ్చింది. నిజం రాస్తే అందరికీ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఉద్యోగం, రిటర్నులు లేకుండా ఎంత నిజం రాసినా కష్టమే.

లెక్క: టికెట్ మూడొందల యూరోలు దాటింది, అప్పటి రేటుకు ముప్పై వేల రూపాయల పైనే. దుబాయ్ మీదుగా హ్యాంబర్గ్‌కి రానూపోనూ డెబ్బై రెండు వేలు. వీసా ఫీజు నాకు 80 యూరోలు, 2024 జూన్ నుంచి 90 చేశారు. తిండి, రైళ్లు, ఇన్సూరెన్స్, చిల్లర ఖర్చులు అన్నీ కలిపి లక్షా అరవై రెండు వేలు. టెంటు ఫ్రెండ్‌ది. ఆ డబ్బుతో రెండు క్లౌడ్ సర్టిఫికేషన్లు చేయొచ్చు కదా అంటారా? చేయొచ్చు. అవి కూడా చేశాను, ఆ తర్వాతి ఏడాది. ప్రతి రూపాయీ మార్కెట్ విలువ పెంచడానికే ఖర్చు పెట్టాలంటే ఆ జీతం ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

హ్యాంబర్గ్ నుంచి ఇట్సెహో దాకా రైల్లో ఇంచుమించు గంట, అక్కణ్నుంచి బస్సు. ఊళ్లో అడుగుపెట్టగానే నేననుకున్న సీన్ వేరు. నల్ల టీషర్టులు, పుర్రె బొమ్మలు ఉన్నాయి, నిజమే. కానీ వాటి మధ్యలో తమ ఇంటి ముందు టేబుల్ వేసుకుని కేకు, కాఫీ అమ్ముతున్న అమ్మమ్మలు. చిన్న బండ్ల మీద సామాన్లు లాగిపెట్టి చిల్లర సంపాదించుకుంటున్న పిల్లలు. ఊరి ఫైర్ సర్వీస్ వాళ్ల బ్యాండ్ మేళం వాయిస్తుంటే ఒళ్లంతా టాటూలున్న మనుషులు చంటిపిల్లల్లా గంతులేస్తున్నారు. మా ఊళ్లో జాతరకి కొబ్బరికాయల దగ్గర్నుంచి రంగులరాట్నం దాకా ఊరే చూసుకుంటుంది, ఇదీ అంతే. బీర్ సరఫరాకి 2017లో పొలాల కింద పైపులైను వేశారు. చేతికి కట్టే చిప్‌బ్యాండ్‌తోనే కొనుగోళ్లు, జేబులో నోటుతో పనిలేదు.

ఒక రాత్రి స్కార్పియన్స్ వాయించారు. 1965లో హానోవర్‌లో మొదలైన బ్యాండ్. పాడే క్లాస్ మైనేకి అప్పటికి 76 ఏళ్లు, నడక నెమ్మదించింది గానీ గొంతు పోలేదు. నా పక్కన వీల్‌చెయిర్‌లో ఉన్న ఒకాయన్ని జనం కుర్చీతో సహా తలల మీదుగా స్టేజీ దాకా చేతులు మార్చుకుంటూ మోసుకెళ్లారు, మళ్లీ జాగ్రత్తగా దించారు. నాకెందుకో ఏడుపొచ్చింది. పక్కన బవేరియా నుంచి వచ్చిన ట్రాక్టర్ మెకానిక్, చదువూ ఉద్యోగం ఏమీ అడక్కుండా, "ఏ బ్యాండ్ కోసం వచ్చావు?" అన్నాడు. గంటసేపు మాట్లాడాం. ఏ కాలేజీ, ఎంత ప్యాకేజీ అన్న మాట రాకుండా కొత్త మనిషితో గంటసేపు మాట్లాడి నాకు ఎన్నేళ్లయిందో!

మీకు ఇంకా ఉద్యోగం రాకపోతే ఇప్పుడే బయల్దేరకండి. పర్సనల్ లోన్ తీసుకుని, క్రెడిట్ కార్డ్ ఈఎంఐలో పెట్టి అస్సలు వద్దు. అక్కడ బార్లోనో క్లీనింగ్‌లోనో పని చేసి ఖర్చు రాబట్టుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. టూరిస్టుగా వెళ్లే వీసా మీద పని చేయకూడదు, దొరికితే తర్వాత చదువుకి వెళ్లే దారి కూడా చెడుతుంది. కాలేజీలో బ్యాండ్ ఉన్నవాళ్లకి మాత్రం ఇంకో దారి ఉంది. 'వాకెన్ మెటల్ బాటిల్' అని బ్యాండ్ల పోటీ జరుగుతుంది, మన దేశపు బ్యాండ్లకీ అందులో చోటు ఉంది, గెలిచినవాళ్లు ఆ స్టేజీ ఎక్కుతారు. పాస్‌పోర్ట్ అయితే అందరూ ఇప్పుడే తీసుకోండి, 1500 రూపాయలు.

వెళ్లే ముందు మామయ్య ఇంటికి నేనే వెళ్లాను. చదువు కోసం కాదు మామయ్యా, పాటల కోసం, పోయినసారి కూడా అందుకే అని చెప్పాను. ఆయన కాసేపు చూసి "పాటలు వినడానికా? ఫోన్లో రావట్లేదా?" అన్నారు. అత్తయ్య నవ్వింది. నాన్న ఈసారి తలెత్తి "వాడి డబ్బేలే బావా, వెళ్లి రానీ" అన్నాడు. వస్తూ వస్తూ మామయ్యకు ఒక నల్ల టీషర్టు తెచ్చాను, మీద ఎద్దు పుర్రె బొమ్మ. పొలానికి వెళ్లేటప్పుడు వేసుకుంటున్నారట.