మందుల చీటియు, చట్టమును, మన పిల్లలును

తెనుగున 'మందు' అను మాట మిక్కిలి విచిత్రమైనది. రోగమును పోగొట్టునదియు మందే. పొలములో పురుగును జంపునదియు మందే. తుపాకిలో గూరునదియు మందే. సీసాలలో నమ్మబడు సారాయియు నేటి వాడుకలో మందే. వస్తువులు వేఱైనను మాట యొక్కటియే. అయినను బుద్ధిమంతు డెవ్వడును పురుగులమందును దగ్గుమందును ఒక్క యఱలో నుంచడు. ఏ మందు ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అను వివేకమే మనుష్యుని కాపాడునది. ఈ వివేకమును మన బాలబాలికలకు ఇంటనో బడిలోనో ఎవరైనను నేర్పుచున్నారా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మత్తుపదార్థముల ప్రసక్తి వచ్చినప్పుడు మన తలిదండ్రులు గంజాయిని, నల్లమందును, ఎక్కడనో వీధిమూలలో నిలిచి వానిని అమ్ము అపరిచితుని ఊహించుకొందురు. ఆ భయము నిరాధారము కాదు. కాని మఱియొక మార్గము మన యింటి నడుమనుండియే పోవుచున్నది. తాతగారి తలదిండు ప్రక్కనున్న నిద్రమాత్రలు, శస్త్రచికిత్స జరిగిన పిదప మిగిలిన నొప్పిమాత్రలు, ఎవరును లెక్క చూడని దగ్గుమందు సీసా - ఇవి బాలుని చేతికి జిక్కుటకు ఏ అపరిచితుడును అక్కఱలేదు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు దేశమంతట విచారణ జరిపి 2019లో ఒక నివేదికను ప్రకటించిరి. 10 మొదలు 75 ఏండ్ల వయస్సుగలవారిలో నూటికి 1.08 మంది, అనగా సుమారు 1 కోటి 18 లక్షలమంది, నిద్రమాత్రలవంటి మందులను వైద్యావసరము లేకయే వాడుచుండిరని అందు దెలిసినది. ఇది యుపేక్షింపదగిన విషయము కాదు.

ఈ మందులు స్వభావముచేత చెడ్డవి కావు. అల్ప్రజోలము, డయజిపాము, నైట్రజిపాము అనునవి ఆందోళనకును నిద్రలేమికిని వైద్యులు వ్రాయునవి. కోడీను, ట్రమడాలు అనునవి నొప్పిని తగ్గించునవి. కోడీను కొన్ని దగ్గుమందులలోను గలదు. మిథైల్‌ఫెనిడేటు అనునది ఏకాగ్రత నిలువని పిల్లలకు నిపుణుల పర్యవేక్షణలో నిచ్చునది. వీనివలన సుఖముగా నిదురించు రోగులు, బాధ తగ్గి లేచి నడచువారు ఎందఱో గలరు. కావున మందును నిందింపరాదు. వైద్యుడు చీటి వ్రాయునపుడు ఒక్క రోగి వయస్సును, బరువును, ఇతర వ్యాధులను, అతడు సేవించు ఇతర మందులను చూచి వ్రాయును. ఆ చీటి ఒక్క దేహమును గుఱించిన మాట. దానిని మఱియొక దేహమునకు అన్వయించుటయే అపాయమునకు మూలము.

ఇందుకు దృష్టాంతముగా కోడీనును జూడుడు. కడుపులోనికి బోయిన కోడీనులో కొంతభాగమును మన కాలేయము మార్ఫీనుగా మార్చును. ఈ మార్పు అందఱిలో నొక్క వేగమున జరుగదు. కొందఱికి పుట్టుకతోనే అతివేగముగా జరుగును. ఒకనికి దగ్గును మాత్రము తగ్గించిన మోతాదే అట్టివానికి ఊపిరి మందగించునంతటి మోతాదు కావచ్చును. ముఖము చూచి ఈ భేదమును ఎవరును కనిపెట్టలేరు. ట్రమడాలును మోతాదు మించి సేవించినచో మూర్ఛలు రావచ్చును. నిద్రమాత్రలు సారాయితో గలిసెనా, ఊపిరి తీయుటయే దేహము మఱచును. పరీక్షలకు మేలుకొనుటకై ఒక మాత్ర, భయము తగ్గుటకై మఱియొక మాత్ర మ్రింగు విద్యార్థి తాను చదువునకు సహాయము చేసికొనుచున్నాననుకొనును. నిజమునకు తన యెదిగెడి మెదడును, తాను ఎఱుగని ప్రయోగమునకు అప్పగించుచున్నాడు.

అలవాటు పడినపిమ్మట విడుచుటయు సులభము కాదు. తెలంగాణములో ఇందుకు కన్నులయెదుటనే నిదర్శనము గలదు. అచ్చట కొందఱు వ్యాపారులు కల్లులో అల్ప్రజోలమును, డయజిపామును, క్లోరల్ హైడ్రేటును కలిపి అమ్ముట బహుకాలమునుండి యున్న దుష్కార్యము. 2015లో అధికారులు ఈ కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో అనేకులు వణకుచు, మూర్ఛలు వచ్చి, మతి చలించి ఆసుపత్రులలో జేరిరి. తాము మందునకు లోబడితిమని వారిలో చాలమందికి తెలియనే తెలియదు. కల్లు త్రాగుచున్నామనియే వారి నమ్మకము. వైద్యుని చేతిలో ఆందోళనను చల్లార్చు అల్ప్రజోలమే, లెక్కయు పర్యవేక్షణయు లేక వాడినచో ఇట్టి దురవస్థకు గొనిపోవును. అందుచేతనే ఇట్టి మందులను సొంతముగా నకస్మాత్తుగ మానుటయు అపాయకరమే. వైద్యుని యాజ్ఞమీద క్రమక్రమముగ తగ్గించుకొనవలయును.

ఇక చట్టమును గూర్చి. ఔషధముల నియమావళిలో హెచ్-1 అను పట్టిక యొకటి 2014 మార్చి 1వ తేదినుండి అమలులో నున్నది. పైజెప్పిన అల్ప్రజోలము, డయజిపాము, నైట్రజిపాము, కోడీను, ట్రమడాలు ఇందు జేరినవే. వీని యట్టపై ఎఱ్ఱ గీతల నడుమ హెచ్చరిక యుండును. చీటి లేక వీనిని అమ్మరాదు. అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణము ఒక పుస్తకమున వ్రాసి 3 సంవత్సరములు భద్రపఱుపవలయును. అంతకన్న కఠినమైన ఎక్స్ అను పట్టికలో మిథైల్‌ఫెనిడేటు గలదు. దాని చీటి రెండు ప్రతులుగా నుండవలెను, అందొకటి దుకాణమువారు 2 సంవత్సరములు దాచవలెను.

ఇది దుకాణదారుని విధి. విద్యార్థిని తాకు చట్టము మఱియొకటి గలదు. అది ఎన్.డి.పి.ఎస్. చట్టమని వాడుకలోనున్న 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము. అల్ప్రజోలము, డయజిపామువంటివి దీని క్రిందకు వచ్చును. ట్రమడాలు 2018లో ఇందు జేర్పబడినది. వైద్యావసరము లేక వీనిని సేవించుటయే నేరము. అందుకు 6 నెలలవఱకు కారాగారమో, 10 వేల రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అనుమతి లేక స్వల్ప పరిమాణమున దగ్గఱ నుంచుకొన్నను, కొన్నను, అమ్మినను ఒక సంవత్సరమువఱకు శిక్ష గలదు. వాణిజ్య పరిమాణమైనచో 10 సంవత్సరములకు తక్కువ కాని, 20 వఱకు పోవు కారాగారమును, లక్షకు తగ్గని జరిమానాయు తప్పవు. "మాత్రలో నున్న మందు మిల్లీగ్రాములో నాల్గవ వంతే కదా" యని తేలికగా దలచువారు గలరు. కలిసియున్న ఇతర పదార్థముయొక్క బరువునుగూడ లెక్కింపవలసినదే యని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినదని వారు తెలిసికొనవలయును.

పై శిక్షలు పెద్దవారికి. 18 ఏండ్లు నిండని వారిని 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము ప్రకారము బాలన్యాయ మండలి విచారించును. అయినను 16 ఏండ్లు దాటినవాని మీద అతితీవ్రమైన నేరము మోపబడినపుడు, పెద్దవానివలె విచారింపవలయునా యని ఆ మండలి పరిశీలింపవచ్చును. వాణిజ్య పరిమాణమునకు సంబంధించిన నేరము అట్టిదే.

మా విద్యార్థులు తఱచుగా ఎఱుగనిది, మేము మిక్కిలి నొక్కి చెప్పదలచినది ఒకటి గలదు. పిల్లలు అమ్మకమును నేరముగా నెఱుగుదురు; ఇచ్చుటను స్నేహముగా భావింతురు. "వాడు నా తోడివాడు, నిద్ర పట్టుటలేదన్నాడు, మా అమ్మ మాత్రలలో రెండిచ్చితిని; డబ్బు పుచ్చుకొనలేదు" అనుట వినుటకు మంచితనమువలెనే యుండును. చట్టము అట్లు చూడదు. అర్హుడైన వైద్యుని యాజ్ఞ లేక బాలునికి మాదకద్రవ్యమునుగాని, మనస్సును మార్చు ఔషధమునుగాని ఇచ్చినవానికి బాలన్యాయ చట్టముయొక్క 77వ సెక్షను 7 సంవత్సరములవఱకు కఠినకారాగారమును, లక్ష రూపాయలవఱకు జరిమానాను విధించుచున్నది. డబ్బు పుచ్చుకొనెనా లేదా యని ఆ సెక్షను అడుగదు. నిన్నటివఱకు మన బెంచీలపై కూర్చుండి, నేడు 18 ఏండ్లు నిండి కళాశాలలో జేరిన యువకుడు, తన వెనుకటి తరగతి తమ్మునికి ఒక మాత్ర ఇచ్చినచో ఈ మాట అతనికిని వర్తించును. ఒక్క పుట్టినరోజుతో చట్టము వానిని జూచు దృష్టి మాఱిపోవును. ఈ సంగతి వానికి ముందుగా చెప్పనివారము మనమైనచో, ఆ దోషములో మనకును పాలు గలదు.

అయితే శిక్షలను మాత్రమే చదివి వినిపించి ఊరకుండుట సగము చట్టమును దాచుట. తక్కిన సగము గూడ పిల్లలకు తెలియవలయును. ఎన్.డి.పి.ఎస్. చట్టముయొక్క 64-ఏ సెక్షను ప్రకారము, అలవాటునకు లోబడినవాడు సేవించిన నేరమునకో, స్వల్ప పరిమాణముతో గూడిన నేరమునకో లోనై, స్వచ్ఛందముగా ప్రభుత్వముగాని ప్రభుత్వము గుర్తించిన సంస్థగాని నడపు చికిత్సాలయమున చికిత్స పొందినచో, అతనిపై ఆ నేరమునకు అభియోగము నడపరు. చికిత్స పూర్తిచేయక విడిచినచో ఆ రక్షణ తొలగింపవచ్చును. బాలన్యాయ చట్టమును, బాలుని పేరు పత్రికలలో ప్రకటింపరాదనియు, పెద్దవానివలె విచారింపబడినవానికి దక్క, ఆ నేరము వలన ముందుముందు అనర్హత కలుగరాదనియు చెప్పుచున్నది. చట్టమునకు గోడయే కాదు, ద్వారమును గలదు. గోడను మాత్రము చూపినచో భయపడిన బాలుడు దాగును. దాగిన బాలునికి ఏ వైద్యుడును చికిత్స చేయలేడు.

"ఈ సంగతులు చెప్పిన, తెలియనివారికి తెలిపినట్లగును గదా" యని కొందఱు తలిదండ్రులు మాతో ననుచున్నారు. వారి భయమును మేము తేలికగా ద్రోయుటలేదు. ఏ మాత్ర ఎట్లు మత్తిచ్చునో కథలుగా వర్ణించుట తప్పే. కాని నేడు చేతిలోని ఫోనే పిల్లలకు సమస్తమును చెప్పుచున్నది. అది అపాయమును చెప్పునో చెప్పదో ఎవరెఱుగుదురు? మనము మౌనము వహించినచో అజ్ఞానము మిగులదు. తప్పుడు జ్ఞానము మిగులును.

కావున మా సూచనలు ఇవి. 8, 9, 10 తరగతులలో ఏటేట కొన్ని గంటలు ఈ పాఠమునకు కేటాయింపవలయును. ప్రకృతిశాస్త్రోపాధ్యాయుడు మందు దేహమున జేయు పనిని, సాంఘికశాస్త్రోపాధ్యాయుడు చట్టమును బోధింపవలయును. ఏడాది కొక్కమాఱు వైద్యుని, న్యాయవాదిని పిలిచి పిల్లల ప్రశ్నలకు సమాధానము చెప్పింపవలయును. ప్రశ్నలు పేరు లేని చీటీలపై వ్రాయుటకు అవకాశ మొసగవలెను. ఏలయన నిజమైన ప్రశ్న తఱచుగా సిగ్గుపడు ప్రశ్న. అన్నిటికంటె ముఖ్యముగా, తానై వచ్చి తన కష్టమును చెప్పుకొనిన బాలుని పాఠశాలనుండి వెడలగొట్టమని యాజమాన్యము ముందుగానే ప్రకటింపవలయును. ఇట్లు చేసిన క్రమశిక్షణ సడలునని శంకింపనక్కఱలేదు. ఇతరులకు అమ్ము బాలుని విషయము వేఱు. సహాయము కోరి తలుపు తట్టు బాలుని విషయము వేఱు. ఈ రెంటిని ఒక్క త్రాసులో తూచు పాఠశాల న్యాయమైనది కాదు.

తలిదండ్రులారా! మీ యింటి మందుల పెట్టెను ఈ వారమే తెఱచి చూడుడు. అక్కఱ తీరిన మాత్రలను ఇంట నుంచక, వానిని ఎట్లు తొలగింపవలెనో మందుల దుకాణమువారి నడుగుడు. అక్కఱయున్నవానిని లెక్కబెట్టి తాళమువేసి యుంచుడు. పిల్లవానిని మందుల దుకాణమునకు చీటి లేక పంపకుడు. మీరు పొరుగువారి మాత్రను అడిగి వేసికొనుట వాడు చూచుచున్నాడని మఱవకుడు.

విద్యార్థులారా! మీ మిత్రుడు మాత్ర యడిగినచో లేదనుటకు జంకకుడు. వానిని ఒంటరిగ విడిచి రాకుడు. ఉపాధ్యాయునియొద్దకో, తల్లియొద్దకో తోడ్కొనిపొండు. అలవాటునుండి బయటపడుటకు సలహా కావలసినవారికి 14446 అను జాతీయ సహాయవాణి గలదు; అందుకు రుసుము లేదు. మీలో నొక్కడైనను ఈ పుటను చదివి, ఎవరికిని చెప్పుకొనలేక దాచిన మాటను నేడు చెప్పగలిగెనేని, ఈ సంచికయందు మేము చేసిన శ్రమ సార్థకమగును.