శాసనాలకు యాప్ వద్దు, చిన్న స్క్రిప్టు చాలు

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే మన దగ్గర ఏదో ఒక 'మేనేజ్‌మెంట్ సిస్టమ్' తయారవుతుంది. లాగిన్ పేజీ, రంగురంగుల డ్యాష్‌బోర్డు, వైవా రోజు డెమో. మార్కులు పడ్డాక దాన్ని మళ్ళీ తెరిచే నాథుడుండడు. ఆ శ్రమలో నాలుగో వంతు మన ఊళ్ళ శాసనాల మీద పెడితే మన తర్వాతి బ్యాచ్‌లకూ పనికొస్తుందని నా వాదన. దానికి యాప్ అక్కర్లేదు. ఒక ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్, దానితో మాట్లాడే ఒక కమాండ్‌లైన్ స్క్రిప్టు ఉంటే సరి.

మన చుట్టూ ఏముందో చూడండి. కలమళ్ళ పేరు చెప్తే మనోళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆర్‌టీపీపీ పొగగొట్టాలు. ప్రొద్దుటూరికి దగ్గర్లో ఉన్న ఆ ఊరి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయంలోనే ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది. కాలం క్రీ.శ. 575 ప్రాంతం. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా ఎక్కువమంది పండితులు చెప్పేది దాన్నే. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డున దానవులపాడులో జైన శిథిలాలున్నాయి, అక్కడి శ్రీవిజయుడి స్తంభ శాసనం కన్నడంలో ఉంది. పులివెందుల రంగనాథస్వామి గుడిలో విజయనగర కాలపు శాసనముంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి సంపాదకత్వంలో కడప జిల్లా శాసనాల మొదటి భాగం 1977లోనే అచ్చయింది. అంటే కష్టమైన పని పెద్దలు ఎప్పుడో చేసి పెట్టారు. ఇలాంటి పుస్తకాలు మన చేతికి స్కాన్ చేసిన బొమ్మలుగా వస్తాయి. బొమ్మలో మాట వెతికితే దొరకదు కదా!

'ఎక్సెల్‌లో కొట్టేస్తే పోలా?' అని మా క్లాసులోనే అడిగారు. పోదు. రాయి పగిలి ఉంటుంది. ఒక పంక్తిలో నాలుగక్షరాలు చెరిగిపోతాయి, ఇంకో అక్షరం సగమే కనిపిస్తుంది, మరోచోట పండితుడు ఊహించి పూరించింది ఉంటుంది. ఎక్సెల్ గడిలో ఇవన్నీ ఒకే వరసలో కలిసిపోతాయి. ఎక్స్‌ఎంఎల్‌లో దేనికి ఆ గుర్తు పెట్టొచ్చు. శాసనాల కోసమే ఎపిడాక్ అనే పద్ధతి ఉంది. పోయిన భాగానికి 'గ్యాప్', అనుమానంగా ఉన్నదానికి 'అన్‌క్లియర్', పూరించినదానికి 'సప్లైడ్' అని అందులో ట్యాగులు సిద్ధంగా ఉన్నాయి. ఏ ముక్క తెలుగు, ఏ ముక్క కన్నడం, ఏది సంస్కృతం అన్నది కూడా రాసి పెట్టుకోవచ్చు. రాయి మీద ఉన్నదేదో, మనం అనుకుంటున్నదేదో విడివిడిగా నిలవాలి. నిజాయితీ అంటే అదే.

ఇక కలిపే పని. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన బేస్‌ఎక్స్ ఉచితం, ఓపెన్ సోర్స్. జావా ఉంటే మన ల్యాబ్ కంప్యూటర్లో కూడా నడుస్తుంది. దాని హెచ్‌టీటీపీ సర్వర్ ఆన్ చేస్తే, టెర్మినల్ నుంచి కర్ల్‌తో పలకరించొచ్చు. ఫోల్డర్లో శాసనానికొక ఫైలు. బ్యాష్‌లో ఒక లూప్ రాస్తే అన్నీ వరసగా డేటాబేస్‌లోకి వెళ్తాయి. తర్వాత ఎక్స్‌క్వెరీలో ప్రశ్న పంపితే, వచ్చిన జవాబును పైపు గుండా సార్ట్‌కో గ్రెప్‌కో అందించొచ్చు. 'రేనాడు' అన్న మాట ఏ శతాబ్దంలో ఎన్ని శాసనాల్లో వచ్చింది? శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకంలోకి మార్చి వరస పెడితే ఎలా ఉంటుంది? ఇవన్నీ రెండు మూడు లైన్ల పని.

కాకపోతే తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి, వాటిని ముందే తెలుసుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. యూఆర్‌ఎల్‌లో పెడితే ఒక్కోటి తొమ్మిది క్యారెక్టర్లవుతుంది. ఆరు గుర్తుల 'రేనాడు' యాభై నాలుగు! అందుకే ప్రశ్నను యూఆర్‌ఎల్‌లో కుక్కకుండా పోస్ట్ పద్ధతిలో పంపడం మేలు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. లోపలికి పంపే ముందే నార్మలైజ్ చేయాలి. పాత శాసనాల్లోని ఴ అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికిందే 2014లో. 'చోఴ' అని ఉన్నచోట మనం 'చోళ' అని వెతికితే రాదు. మూలరూపం, నేటి రూపం రెండూ ఫైల్లో ఉండాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. సర్వర్ తప్పు చెప్పినా కర్ల్ మామూలుగా 'అంతా సవ్యం' అన్నట్టే ముగుస్తుంది. 'ఫెయిల్' ఆప్షన్ పెడితేనే స్క్రిప్టుకు సంగతి తెలుస్తుంది. పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాసి గిట్‌హబ్‌లో పెట్టకండి.

'టెర్మినల్ ఎవరు చూస్తారు, అందంగా ఉండాలి కదా' అనేది ఇంకో అభ్యంతరం. అందం తర్వాతైనా తొడగొచ్చు. యాప్ పాతబడితే దాంతోపాటు డేటా కూడా చిక్కుకుపోతుంది. ఇక్కడ బేస్‌ఎక్స్ రేపు లేకపోయినా ఫైళ్ళు మామూలు టెక్స్ట్‌గా మన దగ్గరే ఉంటాయి. స్క్రిప్టులో కొంత మార్చి ఎగ్జిస్ట్-డీబీకో మరోదానికో కలుపుకోవచ్చు. ఏఐ చదివేస్తుందిలే అంటారా? చదవనీయండి. అది చదివింది సరైనదో కాదో తేల్చడానికైనా మనుషులు సరిచూసిన పాఠం ఒకటుండాలి.

2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందని మనం ప్రతి భాషా దినోత్సవానికి చప్పట్లు కొడతాం. ఆ ప్రాచీనతకు రుజువులు మన బస్సు రూట్లోనే ఉన్నాయి. నా ప్రతిపాదన ఇది: సాహితీ క్లబ్బు వాళ్ళు పది శాసనాలు టైపు చేయండి, పాఠం ఏ పుస్తకం ఏ పేజీలోదో ప్రతి ఫైల్లోనూ రాయండి. కోడ్ రాసేవాళ్ళం స్క్రిప్టు చూసుకుంటాం. వచ్చే సెమిస్టర్ మొదట్లో కలమళ్ళతో మొదలుపెడదాం. ఎవరెవరు వస్తారు?