టెర్మినల్ బయట కూడా కొలువులున్నాయి

భోగాపురం అనగానే మన డిగ్రీ కుర్రాళ్లకు గుర్తొచ్చేది ఎయిర్‌పోర్టే. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది (2019లోనూ ఒకసారి జరిగిందనుకోండి!). చాలామంది కళ్లు గ్రౌండ్ స్టాఫ్ కోర్సుల మీదే ఉన్నాయి. కాస్త పక్కకీ చూడండి.

ఊరి మీదుగానే 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. ప్రమాదంలో గాయపడ్డాక మొదటి గంటను 'గోల్డెన్ అవర్' అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనే రాశారు. ఆ గంటలో ముందు వచ్చేది డాక్టరు కాదు, 108లోని ఈఎంటీ. రక్తం ఆపాలి, మెడ కదలకుండా కాలర్ వేయాలి, ఆక్సిజన్ పెట్టాలి, దారి పొడవునా నాడి చూస్తుండాలి. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన ఈ సేవలో లైఫ్ సైన్సెస్ బీఎస్సీ చదివినవాళ్లనీ తీసుకుంటున్నారు. మన జువాలజీ, బోటనీ పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఎయిర్‌పోర్టు ఫైర్ సిబ్బంది సంగతీ అంతే. రన్‌వే ఏ చివర ప్రమాదమైనా మూడు నిమిషాల్లోపు చేరాలన్నది అంతర్జాతీయ నిబంధన. ఒళ్లు గట్టిగా ఉండాలి, హెవీ లైసెన్సు ఉంటే మేలు.

కష్టం లేదనం. రాత్రి డ్యూటీలుంటాయి. ఉద్యోగ భద్రత కోసం 108 సిబ్బంది ఎన్నోసార్లు రోడ్డెక్కారు. ప్రాణాలు కాపాడే పనికి పర్మినెంటు పోస్టులివ్వకుండా కొత్త నగరం కడతామంటే ఎలా?

పారామెడికల్ కోర్సుకి ఫీజు కట్టేముందు మాత్రం రెండు విషయాలు అడగండి: ఏపీ పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా? క్యాజువాలిటీలో ఎన్ని నెలలు పని నేర్పిస్తారు?