పండగ ట్రాఫిక్‌కు ధాన్యమే అడ్డమా?

సంక్రాంతి వస్తోందంటే హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఏర్పాట్లు చూడాలి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర కార్లు ఆగకూడదని అధికారుల హడావిడి అంతా ఇంతా కాదు. మంచిదే, మన పిల్లలు కూడా ఆ కార్లలోనే ఊరికొస్తారు. కానీ ఆ 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడతో ఆగిపోదు, బందరు దాకా వస్తుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దగ్గర సరిగ్గా ఆ రోజుల్లోనే ధాన్యం ట్రాక్టర్లు మిల్లులకు, చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి నడుస్తుంటాయి. వాటి సంగతి పట్టించుకునే అధికారి లేడు. నోరు విప్పితే ఒకటే మాట: రైతులు రోడ్డు మీద ధాన్యం పోసి ప్రమాదాలు తెస్తున్నారట!

అయ్యా, రోడ్డు మీద ఎండబోసుకోవడం మాకేమన్నా సరదానా? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాటా వేయరు. మిషన్‌తో కోసిన ధాన్యంలో తేమ 20 దాటడం మామూలే. ఊళ్లో కళ్లాలు ఎప్పుడో పోయాయి. పక్కనున్న తెలంగాణలో ఉపాధి హామీ డబ్బుతో సిమెంటు కళ్లాలు కడితే, ఆ 151 కోట్లు వెనక్కి కట్టమని 2022లో కేంద్రం అడిగింది. కళ్లం కడితే దుర్వినియోగం, రోడ్డు మీద పోస్తే నేరం. మరి ధాన్యం నెత్తిన పెట్టుకుని ఆరబెట్టాలా?

చట్టం చూడండి. తాగి బండి నడిపితే మొదటిసారికే 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పందెం బరుల దగ్గర తాగి కారెక్కే వాళ్లకు ఆ మూడు రోజులూ ఈ చట్టం కనపడదు. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టక, చూసుకోక మనిషి చనిపోతే బాధ్యులకు లక్ష దాకా జరిమానా అని 2019 సవరణలో 198ఎ సెక్షన్ పెట్టారు. ఒక ప్రాణానికి లక్ష! అదైనా ఎవరి దగ్గర వసూలు చేశారో మన మండలంలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇక మన వాళ్లకూ ఒక మాట. చేదుగా ఉన్నా వినాలి. ఎండబోసే చోటు లేకపోవడం ప్రభుత్వం తప్పు. రాత్రి కుప్ప మీద నల్ల బరకం కప్పి, చుట్టూ బండరాళ్లు పేర్చి, ఇంటికెళ్లి పడుకోవడం ప్రభుత్వం తప్పు కాదు. ఆ రాయి తగిలి పడేది ఎక్కువగా మోటారు సైకిల్ మీద వచ్చే పక్క ఊరి కుర్రాడే. ట్రక్కు వెనక లైటు ఉండదు, ఉన్నా వైరు తెగి వేలాడుతుంటుంది. అడిగితే "పొలం బండికి లైటెందుకు బావా" అంటారు. జనవరి తెల్లవారుజామున మంచులో ముప్పై మీటర్ల అవతల ఏముందో కనపడదు. 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులోనే 27 మీటర్లు దాటి వచ్చేస్తుంది. మన లోడు ట్రాక్టరు 20 మీద పోతుంటుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే అంతా అయిపోతుంది. అంత పొద్దున్నే మంచులో లోడు కదిలించకపోతే మిల్లు ఎక్కడికీ పారిపోదు. ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కరు నాలుగు లీటర్ల డీజిలు ఖరీదు కూడా ఉండదు.

మండల కమిటీలు తహసీల్దారుకు ఇచ్చే అర్జీలో ఊరికొక సిమెంటు కళ్లం, హైవే మీదికి ఎక్కే ప్రతి దారి దగ్గర లైటు అడగాలి. ఇవ్వడానికి వెళ్లేముందు మన ట్రాక్టర్లకు రేడియం అంటించుకుందాం. లేకపోతే ఆయన అర్జీ చదవక ముందే మన ట్రక్కు వెనకాలకు వెళ్లి చూస్తాడు.