పరపు ఎవరు నిర్ణయించాలి?

సంఖ్యాశాస్త్రం పేరు వినగానే పుట మూసివేసే సాహితీమిత్రులకు ముందుగా ఒక విన్నపం. ఈ టపాలో సూత్రం ఒక్కటే ఉంది. అది కూడా గుణకార భాగహారాలతో తీరిపోయేదే. దయచేసి చివరివరకూ చదవండి. ఎందుకంటే, ఇందులో నేను ఒక మిత్రునికి చేసిన అన్యాయం కూడా ఉంది.

గణాంకాల పనికి వాడే ‘ఆర్’ అనే ఉచిత సాఫ్టువేరులో ‘డెన్సిటీ’ అనే ఆదేశం ఒకటుంది. మన దగ్గరున్న కొలతలు దానికి అప్పగిస్తే, అవి ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ పలచబడ్డాయో ఒక నున్నని వక్రరేఖగా గీసి చూపుతుంది. అది చేసే పనిని ఇలా ఊహించవచ్చు. నేలమీద ఒక గీత గీసి, కొలత ఉన్న ప్రతిచోటా ఒక దోసెడు ఇసుక పోశామనుకోండి. కుప్పలు ఒకదానిమీద ఒకటి పడి చివరికి గుట్టల వరుస ఏర్పడుతుంది. ఆ గుట్టల అంచే మనం చూసే వక్రరేఖ. అయితే ఒక్కొక్క దోసెడు ఎంత వెడల్పున పరచుకోవాలి? ఆ వెడల్పునే ఆంగ్లంలో బ్యాండ్‌విడ్త్ అంటారు. అంతర్జాలం వేగానికి వాడే మాటే గాని ఇక్కడ అర్థం వేరు. నేను దీనిని ‘పరపు’ అంటున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

పరపు మరీ తగ్గితే ప్రతి కొలతా ఒక సూదిమొనగా నిలుస్తుంది. మరీ పెరిగితే ఉన్న గుట్టలన్నీ కలిసిపోయి ఒకే దిబ్బ మిగులుతుంది. కుప్ప గంట ఆకారంలో ఉందా, త్రికోణంలా ఉందా అన్నది అంత పెద్ద తేడా కాదు. బొమ్మను మార్చేది పరపే. ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని మనలో చాలామందిమి తీసుకోము. మనం ఏమీ చెప్పకపోతే ‘ఆర్’ తనంతట తానే ఒక విలువ పెట్టుకుంటుంది. బొమ్మ అందంగా వస్తుంది, మనం నమ్మేస్తాం. నా ఫిర్యాదంతా ఆ నమ్మకం మీదనే.

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానవనంలో ‘ఓల్డ్ ఫెయిత్‌ఫుల్’ అనే వేడినీటి బుగ్గ ఉంది. ఉండి ఉండి ఆకాశానికి నీరు చిమ్ముతుంది. అది చిమ్మిన 272 సందర్భాల కొలతల పట్టిక ‘ఆర్’తోపాటే వస్తుంది. ఒక్కొక్కసారి ఎన్ని నిమిషాలు చిమ్మిందో, మళ్ళీ చిమ్మడానికి ఎంతసేపు పట్టిందో అందులో ఉంది. చిమ్మిన కాలం రెండు రకాలు. రెండు నిమిషాల దగ్గర ఒక గుంపు, నాలుగున్నర నిమిషాలకు కాస్త ఇటుగా మరొక గుంపు. మూడు నిమిషాల దగ్గర చాలా తక్కువ.

దీనికి ‘ఆర్’ తానుగా ఎంచుకునే పరపు 0.33. సిల్వర్‌మన్ 1986లో వెలువరించిన పుస్తకంలోని సూత్రం అది: కొలతల ప్రామాణిక విచలనాన్ని 0.9తో గుణించి, కొలతల సంఖ్యకు అయిదవ మూలంతో భాగించాలి. (మధ్యనున్న సగం కొలతలు ఆక్రమించే దూరాన్ని 1.34తో భాగిస్తే వచ్చేది విచలనం కంటె చిన్నదైతే, దానినే తీసుకోవాలి.) ఇక్కడ విచలనం 1.14. 272కు అయిదవ మూలం 3.07. లెక్క సరిపోతుంది.

చిక్కు లెక్కలో లేదు, ఆ 1.14లో ఉంది. అది ఏ ఒక్క గుట్ట వెడల్పూ కాదు. అందులో అధికభాగం రెండు గుట్టల మధ్యనున్న దూరం. కొలతలన్నీ ఒకే గంట ఆకారపు గుట్టగా ఉంటాయన్న ఊహతో పుట్టిన సూత్రం, రెండు గుట్టలు కనబడినా వాటిని ఒక్కటిగానే భావించి పరపును పెంచేస్తుంది. షేథర్, జోన్స్ 1991లో ప్రకటించిన పద్ధతి, వక్రరేఖ ఎంతగా వంపులు తిరుగుతుందో కొలతల నుంచే అంచనా కడుతుంది. దాని ప్రకారం ఇదే పట్టికకు పరపు 0.14 వస్తుంది. సగం కంటె తక్కువ! గుట్టలు కోసుగా లేస్తాయి, మధ్యలోయ లోతుగా దిగుతుంది. ఇక సిల్వర్‌మన్ విలువను అయిదింతలు చేసి చూడండి. ‘అడ్జస్ట్’ అన్నచోట 5 అని రాస్తే చాలు. రెండు గుట్టలూ మాయమై ఒకటే దిబ్బ.

ఆ లోయ ఉందో లేదో తెలిస్తే ఎవరికి లాభమంటారా? అక్కడ నిలబడి ఎదురుచూసే యాత్రికునికి. ఆ పట్టిక ప్రకారం చిన్నగా చిమ్మిన తరువాత దాదాపు 55 నిమిషాలకు, పెద్దగా చిమ్మిన తరువాత దాదాపు 80 నిమిషాలకు మళ్ళీ చిమ్మేది. రెండు రకాలున్నాయని తెలియనివానికి సగటు ఒక్కటే దిక్కు. ఆ సగటు రెండింటిలో దేనికీ చెందదు.

సిల్వర్‌మన్ విలువను పాత అలవాటు కొద్దీ, పొందిక కోసమే ఉంచామనీ, అందరికీ తగినదని సిఫారసు చేయడం లేదనీ ‘ఆర్’ సహాయపుటలోనే రాసి ఉంది. షేథర్-జోన్స్ పద్ధతి మేలన్న సూచన కూడా అక్కడే ఉంది. ఆ పుట చదవనిది మనమే. చదవనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా మిత్రులొకరు చాలాకాలంగా కథలు రాస్తున్నారు. వారి వాక్యాల నిడివిని మాటలలో లెక్కించి, పాత కథలకూ కొత్త కథలకూ వేరువేరుగా వక్రరేఖలు గీశాను. పాతవి రెండే దొరికాయి, కొత్తవి ముప్పైకి పైగా ఉన్నాయి. పాత రేఖలో ఒకే నిండైన గుట్ట. కొత్త రేఖలో రెండు. “మీ వాక్యం రెండుగా చీలిపోయిందండీ, పాత నిదానం పోయింది,” అని బొమ్మ చూపించి మరీ చెప్పాను. ఆయన మౌనంగా విన్నారు. తరువాత కొన్ని నెలలపాటు ఏమీ రాయలేదు.

ఆ బొమ్మను మళ్ళీ తీసి చూసినప్పుడు గాని నా తప్పు తెలియలేదు. రెండు రేఖలకూ పరపు ఒకటి కాదు! కొలతలు తక్కువైతే సూత్రం పరపును పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. అంటే పాత కథలను మసక కళ్ళద్దాలతోనూ, కొత్త కథలను మంచి కళ్ళద్దాలతోనూ చూశానన్నమాట. రెండింటికీ ఒకే పరపు పెడితే రెండింటిలోనూ రెండేసి గుట్టలు తేలాయి. ఒకటి సంభాషణలది, రెండవది కథనానిది. ఆయన వాక్యం మారనేలేదు. అంతేకాదు, నా పాత రేఖ సున్న కంటె ఎడమకు కూడా సాగింది. సున్న కంటె తక్కువ మాటలున్న వాక్యం ఎవరు రాయగలరు? ఆ తోకను చూసైనా నాకు అనుమానం కలగవలసింది.

ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. “లెక్క తప్పినందుకు సంతోషించాలో, మీ బొమ్మ చూసి నన్ను నేనే అనుమానించుకున్నందుకు సిగ్గుపడాలో తెలియడం లేదండీ,” అన్నారాయన. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాబట్టి షేథర్-జోన్స్ పద్ధతి పెట్టుకుంటే చాలునని నేను అనను. మాటల లెక్క వంటి పూర్ణసంఖ్యలలో ఒకే విలువ పదేపదే వస్తుంటే, అటువంటి పద్ధతులు పరపును అతిగా తగ్గించి ప్రతి అంకె దగ్గరా ఒక పన్ను మొలిపించగలవు. అక్కడ వక్రరేఖ కంటె సాదా కడ్డీల బొమ్మే నయం. ఏ సూత్రమూ మన బదులు ఆలోచించదు.

నా అభిప్రాయం ఇది. పరపు అంటే గీసినవాని అభిప్రాయం. అభిప్రాయం ఉండడం తప్పు కాదు, దానిని దాచడం తప్పు. వక్రరేఖ చూపేవారు పరపు ఎంతో కింద రాయాలి. సగం పరపుతోనూ, రెండింతల పరపుతోనూ గీసి చూసుకోవాలి. మూడింటిలోనూ నిలిచిన గుట్ట గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. ఒకదానిలోనే కనబడే గుట్ట గురించి గొంతు తగ్గించాలి. రెండు గుంపులను పోల్చేటప్పుడు పరపు ఒకటే ఉండాలి. అసలు కొలతలను రేఖ కింద చుక్కలుగానైనా చూపాలి.

మిత్రుడు మళ్ళీ రాస్తున్నారు. కొత్త కథ మొన్ననే పంపారు. వాక్యాలు లెక్కపెట్టకుండా చదివాను.