రోబో బదులు దిగేదెవరు?

ఫుకుషిమాలో కరిగిపోయిన అణు ఇంధనం దాదాపు 880 టన్నులు. ప్రమాదం 2011లో. రిమోట్ పరికరంతో తొలి ముక్క బయటికి తీసింది 2024 నవంబరులో. బరువు గ్రాము కూడా లేదు! దాని గుణమేంటో కొలవడానికే పదమూడేళ్లు, మనిషి దగ్గరికెళ్తే బతకడు గనుక.

మన రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. అరవై ఏళ్లకో ఎప్పటికో వాటినీ విప్పాలి. ఆ ఖర్చుకని అణు కరెంటు మీద యూనిట్‌కి 2 పైసలు వసూలు చేస్తున్నారు. డబ్బు సరే, దిగేదెవరు?

మ్యాన్‌హోల్‌లో విషవాయువుని పైనుంచే కొలిచే మీటరుంది. 2013 చట్టమూ ఉంది. అయినా మావాళ్లే దిగి చస్తున్నారు. మీటరు ఖరీదని కాదు, మా ప్రాణం చవకని.

అందుకే కొవ్వాడ మత్స్యకారులతో పాటు దళితవాడలూ అడగాలి: ఆ చెత్తని కొలిచేది యంత్రమా, కాంట్రాక్టు కూలీయా? ఆ కూలీ రేడియేషన్ డోసు కాయితం ఆ కూలీ చేతికే ఇస్తారా? సంతకాలకి ముందే రాసివ్వండి.