పక్క సీటుకీ ఓటుంది

నలభై దాటిన మగవాళ్ళకి ఏదో ఒక సరదా పట్టుకుంటుంది. ఒకరు మారథాన్లు పరిగెడతారు, ఒకరు కెమెరాలు కొంటారు, ఇంకొకరు పెరట్లో దొండపాదు పెట్టి దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటారు. మావారిది పాత కారు. 1992 మోడల్ ఎర్ర మాజ్డా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, చేత్తో వేసుకునే గేర్లు. మేముండేది ఒహాయోలో కాబట్టి చలికాలమంతా అది గరాజులో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఎండలు మొదలవగానే మా సంసారంలోకి వస్తుంది.

ఇప్పుడు దానికి కొత్త సస్పెన్షన్ వేయాలని ఆయన ముచ్చట. ఉన్న స్ప్రింగులూ షాక్ అబ్సార్బర్లూ తీసేసి, బాగా గట్టివి బిగించి, కారుని రెండంగుళాలు కిందికి దించాలట. రెండు వేల డాలర్ల పైమాటే. "బండి సంగతి అన్నయ్య చూసుకుంటాడులే వదినా, నీకెందుకు?" అంది మా ఆడపడుచు ఫోన్లో. నాకు అభ్యంతరం అక్కడే. ఆ కారులో సీట్లు రెండు. ఒకటి ఆయనది. రెండోదాంట్లో కూర్చునేది నేనో, మా అమ్మాయో. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి గుంత ముందే కనిపిస్తుంది, నడుం బిగించుకుంటారు. పక్కనున్న మనిషికి అది వెన్నుపూసలో తెలుస్తుంది. అందుకే ఈ ఖర్చు విషయంలో పక్క సీటుకీ ఓటుందని నేనంటాను.

నా ఓటు ఎటో కూడా చెప్పేస్తాను. నేను సరదాకి అడ్డం కాదు. "ఆ డొక్కు అమ్మేసి మంచి కారు కొనుక్కోవచ్చుగా" అనే బంధువుల జట్టులో నేను లేను. ముప్ఫై ఏళ్ళ కారుకి ముందు అరిగిపోయినవి బాగుచేయాలి, తర్వాతే అదనపు హంగులు చూడాలి. గట్టిగా ఉన్నదే గొప్పదన్న నమ్మకాన్ని మాత్రం గరాజు బయటే వదిలెయ్యాలి. నేననేది ఇంతే.

వర్క్‌షాప్ మాన్యువల్ మా వంటింటి టేబుల్ మీదే పడి ఉంటుంది కాబట్టి కాఫీ తాగుతూ నేనూ చదివాను. బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ కారులో ఒక్కో చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకుని ఉంటాయి. దీన్నే డబుల్ విష్‌బోన్ అంటారు. బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డప్పుడు నొక్కుకునేది కూడా అదే. కానీ స్ప్రింగుని దాని మానాన వదిలేస్తే ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊయలని పట్టి ఆపే చెయ్యి షాక్ అబ్సార్బర్. ఇక ఆ చేతులు కారు ఒంటికి అతుక్కునే ప్రతి చోటా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. చిన్నది, ఎవరికీ కనపడదు, అందుకే ఎవరికీ గుర్తుండదు.

అసలు కథ ఆ రబ్బరులోనే ఉంది. కుక్కర్ గ్యాస్కెట్ కొన్నాళ్ళకి ఏమవుతుందో మనందరికీ తెలుసు. గట్టిపడి, పగిలి, ఆవిరి వదిలేస్తుంది. అప్పుడు మనం గ్యాస్కెట్ మారుస్తామా, కొత్త కుక్కర్ కొంటామా? 1992 నాటి రబ్బరు ఈపాటికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మలుపులో చక్రం అటూ ఇటూ జరుగుతుంది, బ్రేకు వేస్తే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది, ఎక్కడో టకటకమని చప్పుడు. "చూశావా, కారు వదులైపోయింది, గట్టి స్ప్రింగులు కావాలి" అంటారు మావారు. వదులైంది స్ప్రింగు కాదండీ, రబ్బరు. పాడైన రబ్బరు మీద గట్టి స్ప్రింగు పెడితే దెబ్బంతా మళ్ళీ ఆ రబ్బరుకే తగులుతుంది.

ఈ సంగతి నాకు ఒహాయోలో తెలిసింది కాదు. మా చిన్నప్పుడు నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. వెనక కమాన్ కట్టలు మార్పించాలని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్తే, అక్కడి మేస్త్రి ముందు బుష్‌లు చూసేవాడు. అవి మార్చాక సగం సార్లు కమాన్ కట్టల జోలికి పోవాల్సిన పనే ఉండేది కాదు. స్పోర్ట్స్ కారైనా అంబాసిడరైనా రబ్బరు రబ్బరే.

రెండో మాట, కిందికి దించడం గురించి. చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనను. నేల మీద పాకుతున్న పిల్లిలా ఉంటుంది. కానీ చక్రం పైకి కదలడానికి కొంత జాగా కావాలి. ఆ జాగా అయిపోయే చోట బంప్ స్టాప్ అని ఒక దిమ్మ ఉంటుంది. ఈ తరం మియాటాల్లో ఆ జాగా మొదటినుంచీ తక్కువే. రెండంగుళాలు దించామంటే ఉన్నది కాస్తా మింగేసినట్టే. అప్పుడు చిన్న గతుకుకే కారు వెళ్ళి ఆ దిమ్మని కొడుతుంది. తిన్నగా వెళ్ళేటప్పుడైతే మన నడుం కలుక్కుమంటుంది, అంతే. మలుపులో ఉండగా కొడితే మాత్రం అప్పటిదాకా మెత్తగా ఉన్న చక్రం ఒక్కసారిగా రాయిలా మారిపోతుంది, టైరు పట్టు జారుతుంది. అది వెనక చక్రమైతే కారు గిర్రున తిరగొచ్చు.

స్థిరంగా ఉంటుందని వేల డాలర్లు పోసి వేయించినదే స్థిరత్వాన్ని తీసేస్తే ఏం లాభం? దించాలనే ఉంటే అంగుళం లోపు దించండి, స్ప్రింగుకి జోడైన షాక్ అబ్సార్బర్లు వేయండి, పైన బిగించే మౌంట్లు 1999 తర్వాతి మియాటావి పెట్టుకుంటే కాస్త జాగా పెరుగుతుంది. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, ఆ కారు నడిపేవాళ్ళలో చాలామంది చేసేదే. అందంకన్నా కదలికకి విలువిచ్చేవాళ్ళు చేసేది.

ఆ కారు పుట్టుకే అలాంటిది మరి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దాన్ని మొదటిసారి చూపించారు. తయారుచేసిన బృందానికి పెద్ద తొషిహికో హిరాయ్. వాళ్ళు పెట్టుకున్న లక్ష్యానికి జపాను భాషలో 'జిన్బా ఇత్తాయ్' అని పేరు. గుర్రమూ రౌతూ ఒకటైపోవడమన్నమాట. బరువు వెయ్యి కిలోల దరిదాపుల్లో, 1.6 లీటర్ల చిన్న ఇంజను. మలుపులో కాస్త పక్కకి ఒరుగుతుంది. "ఇక చాలు, ఇంతకన్నా వేగం వద్దు" అని కారు చెప్పే మాట ఆ ఒరగడమే. దాన్ని పూర్తిగా బిగించేస్తే కారు నోరు నొక్కేసినట్టే.

నేనింత పట్టుబట్టడానికి అసలు కారణం మా అమ్మాయి. పదిహేనున్నర నిండాయి, లెర్నర్ పర్మిట్ వచ్చింది. గేర్ల కారు నేర్చుకుంటే ఇదే నేర్చుకుంటానని కూర్చుంది. తండ్రికి ఆనందం, నాకు గుండెలో రాయి. ఆ కారులో ఎయిర్‌బ్యాగు డ్రైవర్ వైపు ఒక్కటే. కారు జారుతుంటే కంప్యూటరే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ అసలే లేదు. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు. మన బండి దానికి ఇరవై ఏళ్ళ ముందుది. తప్పు చేస్తే సర్దడానికి యంత్రం లేదు. పిల్ల కాళ్ళూ చేతులూ, ఆ నాలుగు చక్రాలూ, అంతే.

అందుకని నేర్చుకోవద్దని అనను. పగటిపూట, ఖాళీ రోడ్డు మీద, పక్కన నాన్న కూర్చుని ఉండగా నేర్చుకోనివ్వండి. రోజూ స్కూలుకి, రాత్రిపూట హైవేకి మాత్రం కొత్త కారే. కానీ నేర్చుకునే పిల్ల చేతికిచ్చే కారు ముందే హెచ్చరించేదిగా ఉండాలి, తప్పుని కొంచెం ఓర్చుకోవాలి. వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ వేస్తే కారు చురుగ్గా తిరుగుతుందంటారు, నిజమే. కానీ మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసే కొత్త డ్రైవర్‌కి ఆ చురుకుదనమే ప్రమాదం. వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. నలభై ఏడేళ్ళ నాన్నకి సరదా అయినది పదిహేనేళ్ళ పిల్లకి సరదా కాదు. ఒకే కారుని ఇద్దరు నడపాలంటే అందులో తక్కువ తెలిసినవాళ్ళకి తగినట్టు అమర్చాలి. ఇంట్లో పసిపిల్ల ఉంటే కారం తగ్గించి వండమూ? ఇదీ అంతే.

ఇక డబ్బు. అదే రెండు వేలు ఇవ్వండి, నా వరస చెబుతాను. ముందు టైర్లు. అరుగుదల చూస్తే సరిపోదు, పక్కన అచ్చువేసిన చివరి నాలుగంకెలు చూడాలి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఏడాదికి రెండు వేల మైళ్ళు కూడా తిరగని కారుకి టైరు అరగకుండానే ముసలిదైపోతుంది. తర్వాత బుష్‌లు, బాల్ జాయింట్లు. మామూలు రబ్బరువే చాలు. పాలీయురేథేన్ వేస్తే అదురు ఎక్కువ, గ్రీజు తగ్గితే కిచకిచలు. ఆ తర్వాత నూనె కారుతున్న షాక్ అబ్సార్బర్లు. చివరగా మంచి చోట అలైన్‌మెంట్. ఇవన్నీ అయ్యాక ఒక నెల నడపండి. ఇంకా ఏదో తక్కువైందనిపిస్తే అప్పుడు స్ప్రింగుల మాట.

ఇక్కడ ఒక చిట్కా, మెకానిక్ దగ్గర మీరే అడగొచ్చు. కొత్త రబ్బరు బుష్‌లు వేశాక బోల్టులు ఆఖరున బిగించాల్సింది కారు గాల్లో ఉన్నప్పుడు కాదు, బరువు చక్రాల మీద పడ్డాక. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగే ఉండిపోయి తొందరగా చిరిగిపోతుంది. "ఎప్పుడు బిగిస్తారు?" అని అడిగి చూడండి. జవాబుని బట్టి పనివాడెవరో తెలిసిపోతుంది.

ఇంట్లో చేసుకుంటామంటే నాకు రెండు షరతులున్నాయి. ఒకటి, జాక్ స్టాండ్లు లేకుండా ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకూడదు. రెండు, నొక్కిపెట్టిన స్ప్రింగుతో సొంత ప్రయోగాలు వద్దు. జారిందంటే తూటా. ఆ ఒక్క పని షాపువాడికి ఇచ్చేయండి. ఇక ఈ రాష్ట్రంలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కింది చేతుల్లో ఉండే పొడవాటి అలైన్‌మెంట్ బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. శనివారం మధ్యాహ్నం అయిపోతుందన్న పని మూడు వారాలు పట్టేది దానివల్లే. ఆ మూడు వారాలూ పిల్లని డాన్సు క్లాసుకి ఎవరు తీసుకెళ్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఖర్చంటే డాలర్లు మాత్రమే కాదు కదా.

మగవాళ్ళ గరాజు వ్యవహారం మనకెందుకని పక్కకి తప్పుకునే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదే. ఆ కారులో మీరు కూర్చుంటారు, మీ పిల్లలు నడుపుతారు, ఆ డబ్బు మీ ఇంటిది. ముచ్చట కాదనకండి. "టైర్లు ఏ ఏడాదివి? బుష్‌లు చూశారా? దించితే ఎంత జాగా మిగులుతుంది? పిల్ల నడిపితే ఎలా ఉంటుంది?" అని నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు ఆయన దగ్గరుంటే సంతోషంగా సరే అనండి. లేకపోతే ఆ మాన్యువల్ తెచ్చి వంటింటి టేబుల్ మీద పెట్టమనండి, ఇద్దరూ కలిసి చదవొచ్చు.